సగం చిమిడి, సగం పలుకు

ఈదరపాడు,
12-7-1998, ఆదివారం.

ప్రియమైన సువార్తకు,

మీ వదిన రత్నమాణిక్యం వందనాలు. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు పంపిన ఆవకాయ జాడీ చిట్లకుండా చేరింది. మీ అన్నయ్యకి మోకాలి నొప్పి పూర్తిగా తగ్గింది. ఆ మాట ఆయనతో అనకు. తగ్గిందని తెలిస్తే సైకిలెక్కి చేనుకి బయలుదేరతారు. డాక్టరు ఇంకో నెల వద్దన్నారని నేనే చెబుతున్నాను.

ఇక అసలు సంగతి. ఇవాళ ఆరాధన అయ్యాక మా పాస్టరు శాంతికుమార్ గారు ఒక కాగితం చదివారు. రాజమండ్రి కమిటీ నుంచి వచ్చింది. వంద కుటుంబాలు లేని సంఘాలకి ఇకమీదట సొంత పాస్టరు ఉండరట. దగ్గర్లో ఉన్న పెద్ద సంఘంలో కలిపేస్తారట. చివరి నిర్ణయానికి ముందు ఎవరో ఒకరు వచ్చి ఒక ఆదివారం చూసి వెళ్తారట. కింద సంతకం మీ ఆయనది, ఆశీర్వాదం అన్నయ్యగారిది.

మాది నలభై గడపలు లేని సంఘమని నీకు తెలుసు. మీ నాన్నగారు తాటాకులతో మొదలుపెట్టి పెంకు వేయించిన గుడి అది. దానికి తాళం పడితే మేము ఆదివారం బస్సెక్కి తణుకు వెళ్లాలి. కుర్రాళ్లు వెళ్తారు. కర్ర లేనిదే అడుగు వేయలేని ముసలి పాపాయమ్మ ఎలా వెళ్తుంది? శాంతికుమార్ గారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ప్రార్థన చేద్దాం" అన్నారు.

నేను సిఫారసు అడగడం లేదు. ఆయన నియమం తప్పే మనిషి కాదు. తలలు తప్ప ఇంకేమైనా లెక్కలోకి వస్తుందా అన్నది ఒక్కటే కనుక్కుని రాయి.

ఇట్లు,
మీ వదిన
రత్నమాణిక్యం

రాజమండ్రి,
26-7-1998.

వదినా, వందనాలు.

మీ ఉత్తరం చూస్తే కోర్టు నోటీసులా ఉంది. క్షేమసమాచారం, సంగతి, ప్రశ్న, సంతకం. ఆడపడుచుకి రాసేటప్పుడైనా కాస్త అడ్డదిడ్డంగా రాయకూడదా?

ఆయన్ని అడిగాను. అన్నం కలుపుతూ, "మీ వదిన అడగమన్నారా, నువ్వు అడుగుతున్నావా?" అన్నారు. నేనే అన్నాను. "అయితే నువ్వే చెప్పు. నూరుమందికి ఒక పాస్టరుని పెడితే, మూడు వేల మందికి ఎంతమందిని పెట్టాలి?" అన్నారు. నాకు ఎక్కాలు రావని తెలిసే అడుగుతారు.

మా చర్చి మీరు చూడాలి వదినా. ఆదివారం మూడు ఆరాధనలు. ఒకటి అయిపోయి జనం బయటికొస్తుంటే రెండోదానికి వచ్చేవాళ్లు గేటు దగ్గర తోసుకుంటారు. కొత్తగా మేడ మీద కూడా కుర్చీలు వేశారు. మైకు సెట్టు మద్రాసు నుంచి వచ్చింది. దేవుడు ఆశీర్వదిస్తే ఇలా ఉంటుంది మరి. మీరేమో ఆ పిడికెడు బియ్యం కూడా వేలం వేయడం మానేశారట. అన్నయ్య చెప్పాడు. ఆ వేలం సొమ్ముతో నాలుగు కుర్చీలు కొన్నా, వచ్చేవాళ్లకి నిండుగా కనబడుతుంది కదా.

ఊళ్లో బతిమాలి జనాన్ని పెంచండి. నా మాట వినండి.

మీ సువార్త

ఈదరపాడు,
23-8-1998.

ప్రియమైన సువార్తకు,

బియ్యం సంగతి నీకు ఎవరో సగమే చెప్పారు. మిగతా సగం నేను చెబుతాను.

పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేయడం మీ అమ్మగారు నాకు కాపురానికొచ్చిన రోజే నేర్పారు. ఆదివారం ఆ డబ్బా గుడికి తీసుకెళ్లి రేకు డ్రమ్ములో పోస్తాం. ఇదివరకు దాన్ని వేలం వేసేవాళ్లం. సంఘంలోని మనమే తెచ్చి, మనమే పాడుకుని, మనమే ఇంటికి తీసుకెళ్లేవాళ్లం. రెండేళ్ల కిందట స్త్రీల సమాజం బాధ్యత నాకిచ్చినప్పుడు, ఈ తిరుగుడు ఎందుకు, ఆకలిగా ఉన్న ఇంటికే వండి పంపుదాం అన్నాను. అందరూ ఒప్పుకున్నారు.

రొయ్యల చెరువు కాపలాదారు భార్య నాగదుర్గ ఈ జూన్‌లో ప్రసవించింది. తల్లి లేదు, అత్త లేదు. మూడు వారాలు మా వాళ్లు వంతులేసుకుని ఆ గుడిసెకి కారం లేని కూర, వేడన్నం తీసుకెళ్లారు. మా సంఘపెద్ద దొరబాబు గుడి మెట్ల మీద నన్ను ఆపాడు.

"ఆవిడ మన సంఘమా వదినా?"

"పురిటిస్నానం అయ్యాక అడుగుదాంలే దొరబాబూ."

"మీరు నవ్వులాటగా తీసుకుంటున్నారు. రేపు కమిటీ వచ్చి గుడిలో ఎంతమంది అంటారు గానీ, గుడిసెలో ఎంతమంది అంటారా?"

నిజంగా వాళ్లు అలా అడగరు కదా.

పోయిన వారం పెద్దల మీటింగు జరిగింది. దొరబాబు దగ్గర ఒక ఉపాయం ఉంది. మొగల్తూరు అవతల వాళ్ల వియ్యంకుడి ఊరు నుంచి ఒక లారీ జనాన్ని ముందురోజు రప్పిస్తాడట. కమిటీ వచ్చేసరికి గుడి కిటకిటలాడాలట. వచ్చినవాళ్లందరికీ, కమిటీకీ విందు చేయడానికి డ్రమ్ములో బియ్యం ఆ రోజు దాకా దాచాలట. నేను వద్దన్నాను. శాంతికుమార్ గారు కూడా, "అబద్ధానికి అన్నం పెట్టడం ఎందుకండి?" అన్నారు. "మీరు కుర్రాళ్లు, ఇంకో ఊరు వెళ్తారు. గుడి మాది" అని ఆయన నోరు మూయించారు. చేతులెత్తితే మేమిద్దరమే మిగిలాం. మీ అన్నయ్య చెయ్యి సగం లేచి ఆగింది. ఇంటికొచ్చాక ఏ సగమని అడిగాను. భుజం నొప్పన్నారు.

నేను ఒక షరతు పెట్టి ఒప్పుకున్నాను. ఈలోగా ఎవరికైనా అవసరం పడితే డ్రమ్ము తీస్తాను, అప్పుడు ఎవరూ అడ్డు రాకూడదు అని. అందరూ సరేనన్నారు.

ఇది అన్నయ్యగారికి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టానికి వదిలేస్తున్నాను.

రత్నమాణిక్యం

రాజమండ్రి,
20-9-1998.

వదినా,

ఈ ఉత్తరం చదివి పొయ్యిలో వేయండి. నేను రాయకూడదు. అయినా రాస్తున్నాను.

కలిపేయాల్సిన సంఘాల్లో ఈదరపాడే మొదటిది. అది నాకు జూన్ నుంచీ తెలుసు. మొన్న మీరు అడిగినప్పుడు మైకు సెట్టు గురించి రాశాను. ఏం రాయాలో తెలియక రాశాను. అక్టోబరు పదకొండున ఆయనే వస్తున్నారు, ఇంకో ఇద్దరితో. మొదటి బండికి బయలుదేరతారు. లారీ సంగతి నేను ఆయనకి చెప్పలేదు. చెబితే పుట్టింటికి ద్రోహం, చెప్పకపోతే మొగుడికి ద్రోహం. నోరు మూసుకుని వంకాయలు తరుగుతున్నాను.

ఇంకో మాట. ఆగస్టులో నాకు కామెర్లు వచ్చాయి. మీరు కంగారు పడతారని రాయలేదు, ఇప్పుడు తగ్గింది. వరసగా మూడు ఆదివారాలు చర్చికి వెళ్లలేదు. వదినా, ఒక్కరు అడగలేదు. తప్పు ఎవరిదీ కాదు. మొదటి ఆరాధన వాళ్లు నేను రెండోదానికి మారాననుకున్నారు. రెండోదానివాళ్లు మొదటిదాన్లో ఉన్నాననుకున్నారు. మేడ మీద కూర్చున్నాననుకున్నవాళ్లు కూడా ఉన్నారు. నాలుగో వారం నేను వెళ్తే, "మొన్న మీ పాట చాలా బాగుందండి" అంది ఒకావిడ. నేను పాట పాడి ఏడాదైంది.

మీ పెంకు గుడిలో నేను ఒక్క వారం రాకపోతే పాపాయమ్మ కర్ర పట్టుకుని ఇంటికి వచ్చేసేది. జ్వరమా, జగడమా అని అడిగేది.

గుడి పోనివ్వకండి వదినా. ఎలాగో నాకు తెలియదు.

సువార్త

(పోస్టుకార్డు)

ఈదరపాడు,
10-10-1998, శనివారం.

సువార్తకు. ఉత్తరం పొయ్యిలో వేశాను. నీకు కామెర్లు వచ్చాయని రాయనందుకు తర్వాత తిడతాను. లారీ సాయంత్రం దిగింది. పిల్లాజెల్లాతో గుడి నిండా జనం, పక్కలు పరిచేశారు. రెండు రోజులుగా వాన ఆగలేదు. కాలువ గట్టు అంచుకి వచ్చింది. మా కోసం ప్రార్థన చెయ్యి. రత్నమాణిక్యం.

ఈదరపాడు,
12-10-1998, సోమవారం.

ప్రియమైన సువార్తకు,

అంతా పోయిందనే అనుకుంటున్నాను. జరిగింది వరసగా చెబుతాను. నీకు మీ ఇంట్లో వేరేలా తెలియకూడదు.

నిన్న తెల్లవారాక, రైలుగేటు దగ్గర పనిచేసే అబ్బులు గొడుగు కూడా లేకుండా గుడికి పరిగెత్తుకొచ్చాడు. కాలువ గట్టు తెగి పట్టాల మీదికి నీళ్లెక్కాయి. నరసాపురం పోయే పాసింజరు మన స్టేషను చేరకుండానే చేల మధ్య నిలిచిపోయింది. మధ్యాహ్నం దాకా కదలదన్నారట. "అన్నవరంలో వ్రతం చేయించుకుని వచ్చేవాళ్లు, పసిపిల్లలు, అంతా ఉన్నారండి. టీ చుక్క లేదు. పిల్లలు ఒకటే ఏడుపు" అన్నాడు.

నేను డ్రమ్ము దగ్గరికి వెళ్లాను. దొరబాబు నాకంటే ముందే అక్కడ నిలబడ్డాడు.

"వదినా, మీకు దణ్ణం పెడతాను. ఇవాళ ఒక్కరోజు దీని జోలికి రాకండి. కమిటీ వాళ్లకి ఏం పెడతాం?"

"కమిటీ వాళ్లు తినే వస్తారు దొరబాబూ. రైల్లోవాళ్లు తినలేదు."

"గుడి పోతుంది."

"పోతే పోయాక ఏడుద్దాం. ముందు ఆ మూత తియ్యి."

అతను తీయలేదు. శాంతికుమార్ గారు వచ్చి తీశారు. ఆరాధన తర్వాత చేసుకుందామన్నారు. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ పిలవలేదు సువార్తా. నేను వెనక్కి తిరిగి చూసేసరికి మన సంఘమంతా బయలుదేరి ఉంది. భుజం నొప్పి మనిషి కూడా కట్టెలు మోస్తున్నాడు.

పట్టాలకి దగ్గర్లో సత్యనారాయణరాజు గారి రైసుమిల్లు ఉంది కదా. ఆయన షెడ్డు తీయించి, పెళ్లిళ్ల గుండిగలు, చింతపండు, నూనె ఇచ్చారు. బియ్యం కూడా ఇచ్చేవారే గానీ గిడ్డంగి తాళాలు గుమస్తా దగ్గర, గుమస్తా అత్తారింట్లో. పులిహోర కలిపాం. మన పిడికెడు బియ్యం సంగతి నీకు తెలుసు. ఒక ఇంటిది స్వర్ణ, ఒక ఇంటిది మసూరి, ఒకరిది రేషను బియ్యం, ఒకరివి పాతవి, ఒకరివి కొత్తగా దంచినవి. ఎలా వండినా సగం చిమిడిపోతుంది, సగం పలుకుగా ఉంటుంది. రాజు గారి ముందు నాకు కాస్త నామోషీగానే అనిపించింది. అరటాకు ముక్కల్లో పొట్లాలు కట్టాం. గోనెసంచులు నెత్తిన వేసుకుని మా వాళ్లు మోకాలి లోతు నీళ్లలో పెట్టె పెట్టెకీ అందించారు. వ్రతం నుంచి వచ్చే ఒక పెద్దావిడ మాకు అరటిపళ్ల హస్తం ఇచ్చి, ఊరుకోమన్నా వినలేదు.

మేము గుండిగలు కడుక్కుని గుడికి వచ్చేసరికి ఆశీర్వాదం అన్నయ్యగారు, ఇంకో ఇద్దరు గుడిలో ఉన్నారు. ప్యాంట్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. గుడి కిటకిటలాడుతోంది. అందులో మన వాళ్లు పాపాయమ్మ ఒక్కతే.

ముందు ఏం జరిగిందో పాపాయమ్మ చెప్పింది. అన్నయ్యగారు ముందు వరసలో ఒకాయన్ని, "ఎన్నాళ్లుగా ఉన్నారండి ఈ సంఘంలో?" అని అడిగారట.

"నిన్న సాయంత్రం నించేనండి" అన్నాడట.

"మీ పాస్టరు గారి పేరేంటి?"

"భోజనాలయ్యాక చెబుతామన్నారండి."

అప్పుడు పాపాయమ్మ కర్ర నేలకేసి కొట్టిందట. "అయ్యా, ఈళ్లెవరో నాకు తెలవదు. మా ఓళ్లంతా రైలుకాడ ఉన్నారు. నాకు కాళ్లు లేక ఉండిపోయాను గానీ, లేకపోతే గుడికి తాళం ఏసి నేనూ ఎల్దును."

మేము బురద కాళ్లతో గుమ్మంలో నిలబడ్డాం. అన్నయ్యగారు మమ్మల్ని చూశారు. డ్రమ్ము దగ్గరికి వెళ్లి మూత తీశారు. ఖాళీ. వంగి అడుగున చెయ్యి పెట్టి, మిగిలిన నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశారు. మళ్లీ డ్రమ్ములోనే వేసి మూత పెట్టారు. సరుకు కూడా లేదని రాసుకుంటారు కాబోలు అనుకున్నాను. టీ, బిస్కెట్లు ఇచ్చాం. ఆరాధనకి చివరి వరసలో కూర్చున్నారు. తర్వాత తణుకు బస్సెక్కి వెళ్లిపోయారు.

మొగల్తూరు వాళ్లు విందు లేదని దొరబాబుని తిట్టుకుంటూ లారీ ఎక్కారు. దొరబాబు నాతో మాట్లాడటం లేదు. నేను తప్పు చేశానని మాత్రం అనిపించడం లేదు సువార్తా. బాధ మాత్రం ఉంది.

రత్నమాణిక్యం

రాజమండ్రి,
8-11-1998.

వదినా, వదినా,

ముందు కూర్చోండి. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించండి.

మా ఆయన ఆ ఆదివారం ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు. తడిబట్టలు మార్చుకుని, అన్నం పెట్టమని, పెట్టాక తినకుండా కూర్చున్నారు. "పొద్దున్న తిన్నాను" అన్నారు. ఎక్కడ అంటే, "రైల్లో" అన్నారు. నేను అంతటితో వదిలేశాను. కమిటీ మీటింగు అయ్యేదాకా ఆయన్ని కదిపితే లాభం లేదు. మొన్న బుధవారం మీటింగు అయింది. ఆ రాత్రి చెప్పారు.

మీరు ఏ రైలుకి పెట్టారో ఆ రైల్లోనే ముగ్గురూ ఉన్నారు వదినా. తెల్లారకుండా కాఫీ కూడా లేకుండా బయలుదేరారు. వాన కొడుతోందని కిటికీల షట్టర్లన్నీ దించేశారు. ఏ ఊరి దగ్గర ఆగారో కూడా తెలియదు. షట్టరు కింద నుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చి, ఆకు పొట్లం ఇచ్చి, ఇంకో పొట్లం కోసం వెనక్కి వెళ్లింది. మనిషి కనబడలేదు. రెండు గాజులు, తడిసిన చెయ్యి, అంతే.

పొట్లం విప్పి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారట. సగం చిమిడి, సగం పలుకు.

ఆయన తండ్రి కొవ్వూరు అవతల పల్లెల్లో వాక్యం చెప్పే ఉపదేశి అని మీకు తెలుసు. జీతం అంటూ ఉండేది కాదు, సంఘం వాళ్ల పిడికెడు బియ్యమే. ఉద్యోగం వచ్చేదాకా ఆయన ఆ అన్నమే తిన్నారు. బళ్లో పిల్లలు "అరవై గిన్నెల అన్నం" అని ఏడిపించేవారట. మొదటి జీతంతో ఒకే రకం బియ్యం బస్తా కొని ఇంట్లో వేసి, దాని పక్కనే నిద్రపోయారట. ఇన్నేళ్ల కాపురంలో ఈ మాట నాకు ఇప్పుడే చెప్పారు.

"పక్కన కూర్చున్నాయన, ఇదేంటండి అన్నం ఇలా ఉంది అన్నాడు. ఇది కొన్న బియ్యం కాదండి, దీని వెనక ఒక గుడి ఉంది అన్నాను" అని చెప్పారు. ఏ గుడో మాత్రం తెలియదు. వాన తెరిపిచ్చాక దారి కనుక్కుని గట్టు మీద నడుచుకుంటూ వెళ్తే అది మీ ఊరు. డ్రమ్ము అడుగున గింజలు చూశారు కదా. నాలుగు గింజలు, నాలుగు రకాలట.

మీటింగులో ఒకాయన, "అరువు జనంతో మోసం చేశారు, వీళ్లనే ముందు తీసేయాలి" అన్నాడట. అదే సమయానికి వరండా ముందు జీపు ఆగింది. సత్యనారాయణరాజు గారు. చెప్పులు విప్పి లోపలికి వచ్చి, "మా ఊరి చర్చికి తాళం వేస్తారంట, ఏంటండి సంగతి?" అన్నారట.

"మీరు ఆ సంఘమా అండి?" అని అడిగారు.

"నేనెందుకవుతానండి? నాకు వెంకటేశ్వరస్వామి ఉన్నాడు. కానీ రేపు మా మిల్లు దగ్గర ఎవడైనా పడిపోతే ఎవరిని పిలవాలో మీరే చెప్పి వెళ్లండి. ఆ చెరువు కాపలావాడైతే నాతో పాటు జీపెక్కాడు. మాట్లాడమంటే సిగ్గుపడి కింద నిలబడ్డాడు."

ఆయన వెళ్లాక మా ఆయన లేచారట. "వంద కుటుంబాలన్న గీత గీసింది నేనే. నేనే చెరిపేస్తున్నాను. ఇకమీదట ఏ ఊరు వెళ్లినా ఒకటే అడుగుదాం. ఈ గుడి మూసేస్తే, ఇందులోవాళ్లు కాక ఇంకెవరు మన దగ్గరికి వస్తారు? ఈదరపాడుకి జవాబు ఇప్పుడే జీపులో వచ్చి వెళ్లింది" అన్నారట. శాంతికుమార్ గారు ఎక్కడికీ వెళ్లరు. కాగితం రేపో ఎల్లుండో వస్తుంది. కాగితం కంటే ముందు నా ఉత్తరం చేరాలని పెద్ద పోస్టాఫీసుకి నేనే వెళ్లి వేస్తున్నాను.

దొరబాబుకి మా ఆయన ఒక మాట చెప్పమన్నారు. అరువు తెచ్చుకున్నా సరే, వచ్చినవాళ్లకి అన్నం పెట్టకుండా పంపడం తప్పట.

ఆ గాజుల చెయ్యి ఎవరిదో కనుక్కుని రాయండి. ఆయన ఊరికే అడుగుతున్నారు.

సువార్త

ఈదరపాడు,
22-11-1998.

ప్రియమైన సువార్తకు,

నీ ఉత్తరం నేను చదివి, మీ అన్నయ్యకి చదివి, గుడిలో శాంతికుమార్ గారు చదివారు. పాపాయమ్మకి మళ్లీ విడిగా చదివాను. "తాళం ఏసి ఎల్దును" అన్న తన మాట కమిటీ దాకా వెళ్లినందుకు ఆమె ఇప్పుడు ఎవరితో పడితే వాళ్లతో మాట్లాడటం లేదు.

దొరబాబు మొగల్తూరు వాళ్లని కోతల పండగకి మళ్లీ పిలిచాడు. ఈసారి నిజంగానే విందుకి. బియ్యం చాలవేమో అంటే, "డ్రమ్ము తీసేటప్పుడు నేనెప్పుడైనా అడ్డొచ్చానా వదినా?" అన్నాడు.

గాజుల చెయ్యి కోసం అడిగాను. అందరూ తమదేనంటున్నారు. నేను తేల్చలేకపోయాను. అన్నయ్యగారిని క్షమించమను.

మీ చర్చిలో కూడా డబ్బా మొదలుపెట్టాలని తర్వాత వేసిన కార్డులో రాశావు కదా, జాగ్రత్తలు చెబుతాను. డబ్బా పొయ్యి పక్కనే ఉండాలి, అల్మారాలో పెడితే మరిచిపోతారు. బియ్యం కడగకముందే తీయాలి. గ్లాసుతో కొలవనివ్వకు, పిడికిలితోనే తీయాలి. చిన్న చేతులవాళ్లవి చిన్న పిడికిళ్లు, ఉండనీ. ఎవరు తక్కువ తెచ్చారో చూడకు. ఎవరు రాలేదో మాత్రం చూడు.

రత్నమాణిక్యం

రాజమండ్రి,
20-12-1998.

వదినా,

మూడు ఆరాధనల్లోనూ మైకులో చెప్పించాను. మద్రాసు మైకు కదా, అందరికీ వినబడింది. డబ్బాలు ఎంతమందివి వచ్చాయో అడక్కండి. చాలామంది దారిలో కొట్టు దగ్గర ఆగి ప్యాకెట్టు కొనుక్కుని వచ్చారు. అందరిదీ ఒకటే కొట్టు, ఒకటే రకం.

వండి, పెద్దాసుపత్రి బయట రోగుల కోసం కాచుకుని కూర్చున్నవాళ్లకి పెట్టాం. అన్నం మల్లెపువ్వులా విచ్చుకుంది. నేను మురిసిపోతూ మా ఆయనకి ఒక ముద్ద పెట్టాను. నమిలి, "బాగుంది. కొట్టు అన్నం. సంఘం ఇంకా ఇందులోకి రాలేదు" అన్నారు. ఈ మనిషిని ఏం చేయాలో చెప్పండి.

సువార్త

(పోస్టుకార్డు)

రాజమండ్రి,
21-2-1999, ఆదివారం.

వదినా. పంటి నొప్పితో పోయిన ఆదివారం నేను చర్చికి వెళ్లలేదు. పొద్దు వాలకముందే నలుగురు ఇంటికొచ్చారు. "మీ డబ్బా రాలేదేంటండి, ఒంట్లో బాగోలేదా?" అన్నారు. వాళ్లలో ఇద్దరి పేర్లు నాకు అప్పుడే తెలిశాయి. ఇవాళ వెళ్లాను. గంజి వార్చేటప్పుడే అనుమానం వచ్చింది. గరిటెతో కలుపుతుంటే లావణ్య అనే కొత్త కోడలు ఏడుపు మొహం పెట్టి, "ఆంటీ, సగం చిమిడిపోయింది, సగం పలుకుగానే ఉంది, ఏం చేద్దాం?" అంది. నేను మా ఆయన్ని పిలిచాను. తిన్నారు. ఇంకో గరిటెకి ఆకు ముందుకి జరిపారు.